మునసబు కొడుకు నడక

ముందు మా చిన్నాయన నడక గురించి చెప్పాలి. అది తెలియకపోతే ఆయన పింఛను ఎందుకు పోయిందో ఎవరికీ అర్థం కాదు. ఆసుపత్రిలో డాక్టరుకు కూడా అర్థం కాలేదు.

మా నాయనకు ఆయన ఒక్కడే తమ్ముడు. నడక వచ్చీరాని వయసులో జ్వరం తగిలి ఎడమకాలు చచ్చుబడింది. తొడ నుంచి పాదం దాకా మళ్ళీ కండ పట్టలేదు. పోలియో వచ్చినవాళ్ళు నడిచే తీరు ఒకటుంటుంది, మీరు చూసే ఉంటారు. అడుగు వేసినప్పుడల్లా చేత్తో మోకాలిని నొక్కి పట్టుకుంటారు. పట్టుకోకపోతే కాలు మడతపడి పడిపోతారు. అలా నొక్కినప్పుడల్లా నడుము వంగుతుంది. చిన్నాయన కూడా చిన్నప్పుడు అలాగే నడిచేవాడట.

మా తాత పుల్లలచెరువు వైపు ఒక ఊరికి మునసబు. శిస్తు వసూలు మా ఇంటి వసారాలోనే జరిగేది. వసూలు రోజుల్లో రైతులు ముంగిట నిలబడి ఉండేవాళ్ళు. అలాంటి ఒక రోజు చిన్నాయన బడి నుంచి వచ్చి ఆ జనం మధ్యగా మోకాలు పట్టుకుని నడుస్తుంటే తాత వసారాలోంచి చూశాడు. అడుగుకొకసారి వంగుతున్నాడు. శిస్తు కట్టలేక నిలబడ్డవాళ్ళకు మునసబు కొడుకు ఒక్కొక్కరికీ వంగి సలాము చేస్తున్నట్టుంది. ఎవరో నవ్వారు కూడా.

ఆ సాయంత్రమే తాత నేర్పడం మొదలుపెట్టాడు. చెయ్యి కాలి మీదికి పోకూడదు. తుంటితో కాలిని ముందుకు విసరాలి, మోకాలిని వెనక్కి బిగించాలి, బరువంతా దాని మీద వేసి వెన్ను నిటారుగా ఉంచి రెండో కాలు తీయాలి. వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి. తమ్ముడు పడిన చప్పుడు వినని రోజు ఆ ఏడాదిలో లేదని మా నాయన చెప్పేవాడు. చివరికి నేర్చుకున్నాడు. మడమల దాకా పంచె కట్టి, తల ఎత్తి, కొంచెం నెమ్మదిగా నడుస్తాడు. తెలియనివాళ్ళు ఆ నెమ్మదిని దర్పం అనుకునేవాళ్ళు. కాస్త దూరం నడిచాడంటే మర్నాడు మంచం దిగలేడని ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలుసు.

పసివాణ్ణి అంత బాధ పెట్టడం క్రూరత్వం అని ఇప్పటివాళ్ళు అంటారు. నేననను. ఎవరి ముందూ వంగకుండా బతకడం ఆయనకు ఆ వసారాలోనే వచ్చింది. మాకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

మిగతావన్నీ పోయాయి. సర్కారు మునసబు ఉద్యోగాలు తీసేసింది. నీళ్ళు పడని బోర్ల కింద భూమి పోయింది, ఇంటి కప్పు దూలాలతో సహా పోయింది. చిన్నాయన మార్కాపురం వచ్చి ఒక పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. రాతి పలకల మీద రాసే పిల్లలు తగ్గిపోయాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అరవై నిండితే ముసలివాళ్ళ పింఛనుకు పెట్టుకోవచ్చు గానీ ఆయనకు ఇంకా నిండలేదు. పిల్లల్లేరు. చిన్నమ్మ జాకెట్లు కుట్టి తెచ్చేది ఇద్దరి తిండికి సరిపోతుంది. రెండు గదుల ఇంటి అద్దె మాత్రం వికలాంగుల పింఛనుతోనే కట్టేవాళ్ళు. ఇంటాయన ఆ పింఛనును నమ్మే ఇల్లిచ్చాడు. అది ఆగిన నెల ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని మా అందరికీ తెలుసు.

ఆ పింఛను కూడా చిన్నమ్మ పట్టుబట్టి పెట్టించిందే. మొదటిసారి పరీక్ష చేసింది మా కుటుంబాన్ని ఎరిగిన ఒక పెద్ద డాక్టరు. తలుపు మూసి, మమ్మల్నందరినీ బయటికి పంపి, కాలు చూసి కాగితం రాసిచ్చాడు. ఆయన ఇప్పుడు లేడు.

తర్వాత దొంగ పింఛన్లు ఏరేసే పని మొదలైంది. కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళు సర్టిఫికెట్లు కొనుక్కుని డబ్బు తీసుకుంటున్నారని, అందరినీ మళ్ళీ పరీక్ష చేస్తారని చెప్పారు. అది తప్పని నేననను. మా వీధిలోనే నడుము విరిగిందని పింఛను తీసుకుంటూ సొంత ట్రాక్టరు తోలేవాడు ఒకడున్నాడు. వాణ్ణి పట్టుకుంటే సంతోషించేవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి.

మా వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చి చెప్పింది. "పెదనాయనా, మళ్ళా ఒకసారి పెద్దాసుపత్రికి పోయి చూపించుకోవాలంట."

"దేన్ని?"

"కాలిని."

"అప్పుడు చూసినారు గదా. ఇంతలో కండ మొలిచిందేమోనని అనుమానమా?"

ఆ అమ్మాయి నవ్వింది. "నాకు తెలీదు పెదనాయనా. పైనుంచి చెప్పినారు."

పోవాల్సిన రోజు పొద్దున నేను వెళ్ళేసరికి చిన్నాయన తయారై ఉన్నాడు. ఇస్త్రీ పంచె, ఇస్త్రీ లాల్చీ, భుజం మీద అంచు ఉన్న కండువా. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి గొణుగుతోంది.

"లుంగీ కట్టుకోండి. పైకి మడవను వీలుగా ఉంటది."

"సర్కారు ముందుకి లుంగీతో పోతారా ఎవురన్నా?"

"సర్కారు చూసేది గుడ్డలు కాదు, కాలు."

"కచేరికి ఎట్ల పోవాల్నో నువ్వు నాకు నేర్పొద్దు" అని ఆటో ఎక్కాడు.

ఆసుపత్రి వరండాలో వరస బయటి గేటు దాకా ఉంది. కూర్చోవడానికి బల్లలు చాలలేదు. చిన్నాయన గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు. మా ముందు ట్రాక్టరు ఆయన. బండి టీకొట్టు అవతల పెట్టి, అక్కడి నుంచి బావమరిది భుజం మీద వేలాడుతూ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా చంకలో చిరిగి ఉంది. చిన్నాయనను కిందా మీదా చూశాడు.

"ఏందన్నా ఈ ఇస్త్రీ? పెండ్లికొచ్చినావా, పింఛనుకొచ్చినావా?"

చిన్నాయన కండువా సర్దుకున్నాడు.

"నా మాట ఇను. ఆ టీకొట్టు కాడ దుమ్ముంది. కొంచెం మోకాళ్ళకు పూసుకో. లోపలికి పోయేటప్పుడు గడప తగిలి పడు. నేను పట్టుకుంటాలే."

"నీ నడుము విరిగింది గదా. ఎట్ల పట్టుకుంటావ్?" అన్నాడు చిన్నాయన.

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ట్రాక్టరాయన బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు.

లోపల డాక్టరు కుర్రవాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుని ఉంది. పక్కన కంప్యూటరు ముందు ఒక అమ్మాయి, ఆమె వెనక తలుపు దగ్గర తర్వాత రావాల్సినవాళ్ళు నలుగురైదుగురు తొంగి చూస్తున్నారు. డాక్టరు తలెత్తకుండానే అడిగాడు.

"ఏ కాలు?"

"ఎడమది."

"నడువు."

వరస కలిపి పిలవకుండా చిన్నాయనను 'నువ్వు' అన్న బయటివాళ్ళు లేరు. ఆయన గది ఆ చివరికి నడిచాడు, తిరిగి వచ్చాడు. తల వంచలేదు, చెయ్యి కదల్చలేదు. అంత బాగా నడవడం ఈ మధ్య నేను చూడలేదు. నాకు ఛాతీ నిండినట్టయింది. దాన్ని దాచుకోను.

"కర్ర ఉందా?"

"లేదు."

"ఎప్పుడన్నా వాడినావా?"

"వాడలేదు."

"నడుస్తా నడుస్తా పడిపోతుంటావా?"

"పడను."

"పంచె పైకెత్తు."

చిన్నాయన కంప్యూటరు వైపు చూశాడు. "ఆడపిల్ల ఉంది."

"ఆమె పొద్దుట్నించీ చూస్తానే ఉంది. ఎత్తు."

"ఆమె చూస్తాదేమో. నేను చూపను."

నేను నోరు తెరవబోయాను. చిన్నాయన నా వైపు తిరిగి చూసిన చూపుకు ఆగాను. డాక్టరు విసుగ్గా లేచి, పంచె మీద నుంచే మోకాలిని ఒకసారి తట్టి చూశాడు. అది అప్పుడు కూడా వెనక్కి బిగించే ఉంది. కర్రలా గట్టిగా తగిలి ఉంటుంది. "బిగువు బాగానే ఉందే" అని ఆ అమ్మాయికి ఏదో అంకె చెప్పాడు. "తర్వాత" అన్నాడు.

నెల తిరక్కముందే సచివాలయం అమ్మాయి నోటీసు తెచ్చింది. ఈసారి నవ్వలేదు, గుమ్మం బయటే నిలబడింది. వైకల్యం నలభై శాతం కంటే తక్కువ అని తేలిందట, పింఛను నిలిపేశారట. అర్హత లేకుండా ఇంతకాలం తీసుకున్న సొమ్మును తిరిగి ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమని కూడా ఉంది.

చిన్నాయన దాన్ని రెండుసార్లు చదివి మడిచాడు. బతుకంతా కుంటితనాన్ని దాచిన మనిషిని, లేని కుంటితనాన్ని చూపించి సర్కారు సొమ్ము తిన్నాడని అడుగుతున్నారు. ఆయన ముఖంలో నాకు కనిపించింది మాత్రం కోపం కాదు. ఒకరకమైన నిబ్బరం.

"కడదాం" అన్నాడు. "ఎవురి సొమ్మూ మనకొద్దు."

"ఏం పెట్టి కడతారు?" అంది చిన్నమ్మ. "నా మిషను పెట్టా?"

"ఏదో ఒకటి."

"ఇంకోసారి చూడమని అర్జీ పెట్టుకోవచ్చంట పెదనాయనా" అంది ఆ అమ్మాయి. "చానామంది పెడతన్నారు. ఈసారి వేరే డాక్టరు చూస్తాడు."

"పెట్టను. ఒకసారి పోయినా, చూసినారు, చాలన్నారు. మళ్ళా పోయి నేను కుంటోణ్ణి, నమ్మండి అని అడుక్కోవాల్నా?"

చిన్నమ్మ నన్ను బయటికి పిలిచింది. "నాయనా, నువ్వు చెబితే ఇంటాడు."

నేను చెప్పలేదు. "ఆయన ఇష్టం చిన్నమ్మా" అన్నాను.

"ఆయన ఇష్టం మీదనే ఇన్నేండ్లూ బతికినా. కొంపను ఇష్టం మీద నిలబెట్టలేం గదా." అంటూ నా ముఖంలోకి చూసింది. "మీరంతా ఒకటే. నిటారుగా నిలబడే కాడ ఉంటారు. ఇంట్లో పొయ్యి కాడ ఎవురూ ఉండరు."

ఆ వారంలోనే ఇంటాయన వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ వేసినా కూర్చోకుండా మాట్లాడాడు.

"అన్నా, పింఛను ఆగిందని ఇన్నా. నిజమేనా?"

"నిజమే" అన్నాడు చిన్నాయన.

"నేనేం ఇబ్బంది పెట్టను. ఈ నెల ఉండండి. కంభం నించి మా తోడల్లుడు దిగుతానంటన్నాడు, వచ్చే నెల నించి ఆయనకిస్తానని మాటిచ్చినా."

"మాటిచ్చినాక తప్పకూడదు."

"అదే అన్నా. మీకు తెలీనిదేముంది."

ఆయన పోయాక చిన్నమ్మ మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. దాంట్లో గుడ్డ లేదు. చిన్నాయన కొంతసేపు ఆ ఉత్త మిషను చప్పుడు విన్నాడు.

"సరే. అర్జీ పెట్టమను" అన్నాడు. "పోతా. నడవమంటే నడుస్తా. అంతే."

ఆ నెలాఖరులోపే పిలుపొచ్చింది. రెండోసారి చిన్నమ్మ కూడా బయల్దేరింది. చిన్నాయన మళ్ళీ ఇస్త్రీ పంచే కట్టాడు. ఆమె ఈసారి లుంగీ మాట ఎత్తలేదు.

ఆ రోజు వరసలో మా ముందు దోర్నాల పైన గూడెం నుంచి వచ్చిన చెంచు పెద్దాయన ఉన్నాడు. ఎలుగుబంటి ముఖం మీద కొట్టి ఒక కన్ను తీసుకుపోయింది. ఆ పక్క చెంప అంతా ముడతలు పడి మూసుకుపోయి ఉంది. టోకెన్లు ఇచ్చే గుమాస్తా ఆయన కాగితాలు తిరగేశాడు.

"ఎలుగుబంటి కొట్టిందని రుజువేముంది?"

"మొగం ఉంది సారూ."

"మొగం కాదయ్యా. కాగితం, కాగితం."

"దానికి రాయను రాదు సారూ. వస్తే రాసిచ్చే పోయేది."

గుమాస్తాకు కూడా నవ్వొచ్చింది. టోకెను ఇచ్చాడు. చిన్నాయన ఒక్కడే నవ్వలేదు. ఆ పెద్దాయన ముఖం వైపే చూస్తూ ఉన్నాడు. ఆ చెంచు పెద్దాయన దాన్ని కండువాతో కప్పుకోలేదు. వెలుతురులోనే కూర్చున్నాడు.

ఈసారి డాక్టరు వయసులో పెద్దవాడు, నెమ్మదస్తుడు. ముందు కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

"ఒకసారి నడవండి."

చిన్నాయన నడిచాడు. అదే నడక. ఆ చివరి దాకా, మళ్ళీ ఈ చివరి దాకా.

"బాగానే నడుస్తున్నారే" అన్నాడు డాక్టరు. అని కలం అందుకున్నాడు.

అప్పుడు చిన్నమ్మ ముందుకొచ్చింది. బయట నలుగురిలో ఆమె ఆయనకు దగ్గరగా నిలబడడం కూడా నేనెరగను. వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది. రెండు చేతులతో పంచె అంచు పట్టుకుని తొడ దాకా ఎత్తేసింది.

"నడకను చూడొద్దు సార్. అది ఆయనది కాదు, వాళ్ళ నాయనది. కాలును చూడండి."

"లెయ్యి" అన్నాడు చిన్నాయన. 

"లెయ్యను. వాళ్ళ నాయన సచ్చిపోయి ఎన్నో ఏండ్లయింది సార్. ఈయన ఇంకా ఆయన ముందరే నడుస్తన్నాడు."

నేను కళ్ళు తిప్పుకోవాల్సింది. తిప్పుకోలేదు. నేనూ ఆ కాలిని అదే మొదటిసారి చూడడం. తొడ నా ముంజేతి కంటే సన్నంగా ఉంది. మోకాలు ముందుకు ఉండాల్సింది వెనక్కి వంగి, విల్లులాగ తిరిగి ఉంది. దాని చుట్టూ వాచి, చర్మం నల్లబడి మెరుస్తోంది. తలుపు దగ్గర నలుగురు తొంగి చూస్తున్నారు.

డాక్టరు లేచి వచ్చి ఒంగి చూశాడు. టేపు పెట్టి కొలిచాడు. మోకాలిని ఒక చేత్తో పట్టుకుని, "నొప్పి ఉంటుందా?" అని అడిగాడు.

చిన్నాయన గోడ వైపు చూస్తున్నాడు. చిన్నమ్మే చెప్పింది. "రోజూ."

"చేత్తో పట్టుకుని నడిచి ఉంటే ఇంత చెడేది కాదు" అన్నాడు డాక్టరు. "వెనక్కి బిగించి బిగించి కీలంతా పోయింది. ఎవరు నేర్పారు ఈ నడక?"

చిన్నమ్మ పంచె అంచు కిందికి దించింది.

ఆయన రాసిన శాతం పాత డాక్టరు రాసినదానికంటే ఎక్కువ వచ్చింది. వంగకుండా నడిచినందుకు మొదట పింఛను తీసేశారు. వంగకుండా నడిచి నడిచి కీలు అరగ్గొట్టుకున్నందుకు మళ్ళీ ఇచ్చారు. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ డాక్టరు మంచివాడు, మర్యాదగా మాట్లాడాడు. కానీ ఆ గదిలో ఒక మనిషి దగ్గర ఉన్నది కాస్తా తీసుకుని, బదులుగా ఒక అంకె వేశారు. ట్రాక్టరాయనకు ఆ పాటి ఖర్చు కూడా పడలేదు. ఆయన పింఛను ఒక్క నెల కూడా ఆగలేదు.

బయటికొచ్చాక చిన్నమ్మ ఆటో పిలిచింది. చిన్నాయన ఎక్కలేదు. ఆసుపత్రి నుంచి ఇంటి దాకా, అంగళ్ళ మధ్యగా, ఎండలో, అదే నడక నడిచాడు. మేమిద్దరం వెనక నడిచాం. ఆటోవాడు కొంతదూరం మా పక్కనే నడిపి, "పెద్దాయనకు ఏమైందమ్మా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

తర్వాతి నెల ఒకటో తేదీ పొద్దున పింఛను వచ్చింది. వసూలు నోటీసు రద్దయిందని సచివాలయం అమ్మాయి సంతోషంగా చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి తెచ్చిన వేలిముద్రల మిషను మీద చిన్నాయన వేలు పెట్టాడు. ఆ అమ్మాయి ఇచ్చిన నోట్లను ముట్టుకోకుండా చిన్నమ్మ వైపు చూపించాడు.

"ఆమెకియ్యమ్మా. ఆమె చూపించిన కాలు. ఆమె సంపాదన."

ఆసుపత్రి రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఇది కూడా నేరుగా ఆమెతో అన్నది కాదు, ఆ అమ్మాయితో అన్నది. చిన్నమ్మ నోట్లు తీసుకుంది.

"నా కాలే" అంది. "కాపురానికొచ్చిన కాడి నించి ఆముదం కాచి రుద్దతన్నది నేను. వాపు దిగేదాకా ఒళ్ళో పెట్టుకుని కూసునేది నేను. మీకు అది పంచె కింద ఉండేది. నాకు రోజూ చేతుల్లో ఉండేది. నాది కాక ఎవురిది?"

ఆ అమ్మాయి తల వంచుకుని సంచి సర్దుకుంది. చిన్నాయన లేచి లోపలి గదిలోకి పోయాడు. మేము చూస్తుండగానే గోడ పట్టుకుని పోయాడు. ఆయన గోడ పట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

చిన్నమ్మ అద్దె డబ్బు విడిగా తీసి నా చేతిలో పెట్టింది. "ముందు ఇది ఇచ్చి రా నాయనా. ఆ తోడల్లుడు రాకముందే."

ఇంటాయన వసారాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఇన్నా, ఇన్నా. కాలు శానా దెబ్బతినిందని తేల్చినారంట గదా. శాతం కూడా పెంచినారంట. సంతోషం అన్నా. ఇంక మీకు భయం లేదు. మా తోడల్లుడికి వేరే ఇల్లు చూస్తాలే."

నిజంగానే సంతోషంగా అన్నాడు. నేను డబ్బిచ్చి రసీదు అడిగాను. ఆయనకు రసీదులు రాసే అలవాటు లేదు, మా మధ్య ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. "రసీదేందన్నా మనలో మనకు?" అన్నాడు.

ఆయన లోపలికి పోయి కాగితం తెచ్చి రాసి ఇచ్చేదాకా నిలబడే ఉన్నాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.